ఏడో గడిలో పట్టని దూరం

మహారాజశ్రీ కార్యాలయ పర్యవేక్షకుల దివ్యసముఖానికి,

వేధశాల పై అంతస్తు చివరి గదిలోని తాత్కాలిక పరిశోధకుడు చేతులు కట్టుకుని రాసుకొనునది. ఉద్యోగం పొడిగించడానికి మీరడిగిన నివేదిక ఇదిగో. ఒక గెలాక్సీల గుంపులో పేలిన నక్షత్రం దూరం కొలిచాను: ఆరు కోట్ల కాంతి సంవత్సరాలు, అటూ ఇటూ యాభై లక్షలు.

విధేయుడు.

తా.క. నెలాఖరుకు నా గడువు తీరుతుంది. అందులో అటూ ఇటూ లేదు.

* * *

పరిశోధకునికి,

దరఖాస్తు ఏడో గడిలో ఒక్క అంకే పడుతుంది. మీరు గోడమీద పిల్లిలా రాశారు. మూడేళ్లు టెలిస్కోపు ముందు కూర్చుని ఇదా తేల్చింది? సరిగ్గా ఎంతో చెప్పండి.

పర్యవేక్షకుడు.

తా.క. అనుమానముంటే వెళ్లి చూసి రండి. ఊరు దాటితే ముందస్తు అనుమతి తప్పనిసరి.

* * *

అయ్యా,

వీధి చివర దీపం మసగ్గా కనిపించిందనుకోండి. దీపం దూరమా, బల్బు చిన్నదా, మధ్యలో పొగా? మా తిప్పలూ అవే. ఇలా పేలే నక్షత్రాలన్నిటిదీ ఒకే వెలుగని నమ్మి కొలుస్తాం. కవలల్లోనూ ఒకడు బొద్దుగా ఉంటాడు. పైగా దారంతా దుమ్ము. ఆ యాభై లక్షలు నా బద్ధకం కాదండీ. అది తేల్చడానికే రెండేళ్లు పట్టింది.

విధేయుడు.

తా.క. పెట్టె సర్దమంటావా వద్దా అని మా అక్క అడుగుతోంది. ఏం చెప్పను?

* * *

పరిశోధకునికి,

కథలొద్దు. మీ పక్క గది పరిశోధకుడు అదే గుంపు దూరం ఒక్క ముక్కలో తేల్చాడు: ఆరు కోట్లు. గడి నిండింది, సంతకం ముత్యాల్లా ఉంది. ఉన్న ఒక్క పొడిగింపూ అతనికిచ్చాం. అంకెను సంస్థ తరఫున ప్రకటించాం కూడా.

పర్యవేక్షకుడు.

తా.క. మా అల్లుడని ఇవ్వలేదు, బాబూ. ఇచ్చాక గుర్తొచ్చింది.

* * *

అల్లుడుగారి మామగారికి,

టెలిస్కోపు గది తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా అల్లుడుగారు ఎరగరు. ఆ అంకె నా చిత్తు కాగితంలోది. దాని వెనకున్న యాభై లక్షలూ తోక కోసినట్టు కోసేసి, మిగిలింది తన గడిలో కట్టేసుకున్నారు. పెద్ద అధికారికి ఒక్క మాట చెప్పండి.

ఇంకా విధేయుడే.

తా.క. చిత్తు కాగితం జతపరిచాను. టీ మరక కూడా నాదే.

* * *

పరిశోధకునికి,

వేరే వేధశాలవారు కొత్తగా కొలిచి ఐదు కోట్ల డెబ్బై లక్షలన్నారు. (వాళ్లూ అటూ ఇటూ అన్నారు గానీ, వాళ్లది పెద్ద సంస్థ.) మీ లెక్కలో అది చక్కగా ఇమిడిందని పెద్ద అధికారి మెచ్చుకున్నారు. అయితే మనం ప్రకటించింది ఆరు కోట్లు కనుక నలుగురిలో నవ్వులపాలయ్యాం. ఆ అంకె మీదేనని మీరే సాక్ష్యంతో సహా రాసిచ్చారు. కాబట్టి తప్పూ మీదే. నెలాఖరు దాకా ఆగనక్కర్లేదు, ఈరోజే వెళ్లవచ్చు. విచారణాధికారిగా అల్లుడుగారిని నియమించాం.

పర్యవేక్షకుడు.

తా.క. విచారణకు శ్రమపడి రావద్దు, బాబూ. తీర్పు వెనక పేజీలో ఉంది.