మన బియ్యమే మందయింది

మంగమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. నా అక్షరాలు వంకరే, అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. మన మనవరాలి జబ్బేమిటో తెలిసింది.

నువ్వు పోయేనాటికే దానికి ఆగని విరేచనాలు, పుల్లల్లాంటి చేతులు. మన ఇళ్ళలో ఒంట్లో బాగోకపోతే అన్నం మాన్పించి పాలూ బ్రెడ్డూ పెడతాం కదా, అలాగే పెట్టాం. పెట్టినకొద్దీ ఇంకా చిక్కిపోయింది. చివరికి ఏలూరులో ఒక డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, నోట్లోంచి గొట్టం వేసి, చిన్నపేగులోంచి చిన్న ముక్క తీసి చూసింది.

"ఏవండీ, పాప పేగుకి గోధుమ పడదండీ. దానివల్లే లోపలి పొర దెబ్బతింది. బ్రెడ్డు, బిస్కెట్లు, గోధుమరవ్వ జన్మంతా ముట్టకూడదు."

"మరేం పెట్టమంటారండీ?"

"అన్నం పెట్టండి."

"అన్నమాండీ? మేం పండించేదే అదండీ" అన్నాను, ఆసుపత్రంతా వినబడేలా.

మన చేలో గింజే దానికి మందయిందే! విరేచనాలు కట్టాయి, బుగ్గలొచ్చాయి. ఇవాళ నీ పేరున వండినవన్నీ మారు అడిగి మరీ తింది.

ఇంగువలో గోధుమపిండి కలుపుతారట. అందుకని కోడలు పులిహోరలో ఇంగువ వెయ్యలేదు. ఇంగువ లేని పులిహోర నువ్వు నోట పెట్టేదానివి కాదని తెలుసు. నీ విస్తట్లోనూ అదే వడ్డించాను. ఇక మనింట్లో ఎప్పటికీ అంతే. సణక్కుండా తిను.