రెక్కలావిడ ఎడమ కాలు

జువ్వలదిన్నె,
18 సెప్టెంబరు 2024

చిరంజీవి ముఖేష్‌కు,

ఫ్రెడ్డీ నాయన తిమోతి దీవించి రాయునది. ఇక్కడ మిగిలిన ఇద్దరికీ ఒళ్ళు బాగానే ఉంది. హైదరాబాదులో నువ్వూ, కోవూరులో మీ అమ్మా నాన్నా కుశలంగా ఉండాలని ప్రార్థన చేస్తున్నాం.

నీ ఉత్తరం శనివారం చేరింది. ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి ఊరుకోకుండా కాగితం మీద రాశావని ఫ్రెడ్డీ వాళ్ళమ్మ జయశీల సంతోషపడింది. తను ఒకసారి చదువుకుని, నా చేత మళ్ళీ చదివించుకుంది. సమాధి కట్టడం అయిందా అని అడిగావు. సిమెంటు పని అయింది. పేరు చెక్కిన రాయి ఇంకా పెట్టలేదు. జూన్‌లో చేపల వేట నిషేధం తీసేసి పడవలు నీళ్ళలోకి దిగిన వారంలోనే ఫ్రెడ్డీకి జ్వరం తగిలింది. తొమ్మిదో రోజున పోయాడు. నువ్వు సమాధి కార్యక్రమానికి రాలేదని మాకు మనసులో ఏమీ లేదు.

నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. బొమ్మ సంగతి నేను ఎప్పుడో క్షమించేశాను అంకుల్, వాడే తప్పు ఒప్పుకున్నాడు కదా అని రాశావు. వాడు చెయ్యని తప్పును నువ్వు క్షమించావు. అది అట్లాగే ఉండిపోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు తెలిసినంత వరకు జరిగింది ఇది. కావలిలో చదువుకునేటప్పటి నుంచి మీరిద్దరూ ఒకే వీడియో గేమ్ ఆడేవాళ్ళు. అందులో రెక్కలుండి ఈటె పట్టుకునే ఆడమనిషి బొమ్మను ఫ్రెడ్డీ ఫోన్ల షాపులో చేరిన మొదటి ఏడాది పై దేశం నుంచి తెప్పించుకున్నాడు. జానెడున్నర ఎత్తు ఉంటుంది. జయశీల దాన్ని రెక్కలావిడ అనేది. ఇల్లు ఊడుస్తూ, రెక్కలావిడా కాస్త పక్కకు జరగమ్మా అని దానితో మాట్లాడేది. నీకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చినప్పుడు వాడు దాన్ని నీకిచ్చాడు. ఒక్కటే కదరా కొనుక్కున్నావు, అది కూడా ఇచ్చేస్తావా అని వాళ్ళమ్మ అడిగింది. ఇష్టమైందే ఇయ్యాలమ్మా, వద్దనుకున్నది ఇస్తే పారేసినట్టు గదా అన్నాడు.

నువ్వు దాన్ని బొమ్మలు సేకరించేవాళ్ళు కలుసుకునే చోటికి తీసుకుపోయావు. వాళ్ళు తిప్పి చూసి, ఒక కాలు బరువుగా ఉంది, తొడ వెనక పసుపు తిరిగింది, ఇది డూప్లికేటని నవ్వారు. నీకు తల కొట్టేసినట్టయింది. మీ పదకొండు మంది ఉండే గ్రూపులో ఫోటో పెట్టి, ప్రాణ స్నేహితుడు డూప్లికేటు అంటగట్టాడని రాశావు. బొమ్మను కొరియర్‌లో తిప్పి పంపించావు. అది ఇక్కడికి చేరిన సాయంత్రమే వాడు నీకు, నేనిచ్చింది డూప్లికేటే, తప్పయింది అని రాశాడు. తరువాత ఎనిమిది నెలలు మీకు మాటల్లేవు. అంతలో వాడు పోయాడు.

నీ ఉత్తరం వచ్చినాక సోమవారం ఆ బొమ్మను షెడ్డుకు తీసుకుపోయాను. ఇరవై రెండేళ్ళుగా ఫైబరు పడవలు బాగుచేస్తున్నాను. మీ ఆట గురించి నాకేమీ తెలియదు. అచ్చులోంచి వచ్చిన వస్తువు గురించి మాత్రం తెలుసు. పడవను ఎట్లా చూస్తానో అట్లాగే చూశాను. పెంచలయ్య తన పడవ కోసం వచ్చి, ఏందబ్బా తిమోతీ, పడవలు మానేసి ఆడబొమ్మలకి వైద్యం చేస్తా ఉండావా, ముందు నా పడవ ముక్కు సంగతి చూడు అన్నాడు. తరువాత పెట్టె మీద ఫ్రెడ్డీ పేరు చూసినట్టున్నాడు. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, కానీలే, నిదానంగా చూసుకో అన్నాడు.

ముందు అతుకు గీత కోసం వెతికాను. అచ్చు రెండు సగాలు కలిసే చోట గీత పడుతుంది. నాసి పని అయితే కళ్ళు మూసుకుని బొటనవేలు పోనిచ్చినా తగులుతుంది. చంకల కింద, రెక్కల వెనక, జుట్టు లోపల ఎక్కడా తగల్లేదు. రెక్క వీపులోకి దిగిన చోట బ్లేడు అంచు కూడా దూరలేదు. తరువాత రంగు. వాడు ఫోన్లు విప్పేటప్పుడు పెట్టుకునే భూతద్దంతో చూశాను. కవచం మీద బంగారు రంగు నలుపులోకి ఒక్క చోట కూడా పాకలేదు. రెండు కళ్ళూ ఒకే వైపు చూస్తున్నాయి.

అన్నిటికంటే ఈకలు. తయారైన పడవ మీదే మళ్ళీ అచ్చు తీసి ఇంకో పడవ పోసేవాళ్ళు మా పనిలోనూ ఉన్నారు. అట్లా పోసిన దాని అంచులు మొద్దుబారతాయి. సన్న గీతలు పూడిపోతాయి. ఈ బొమ్మకు చిట్టచివరి ఈక కొన కూడా వేలికి గుచ్చుకుంది. కంపెనీవాళ్ళ ఫోటో పక్కన పెట్టి ఒక్కొక్క ఈకా సరిచూశాను. తేడా లేదు. బొమ్మ అసలుదే.

ఇక ఎడమ కాలు. రూపాయి బిళ్ళతో తడితే కుడి కాలు డొల్లగా పలికింది, ఎడమది మూగగా ఉంది. తొడ దగ్గర విరిగితే ఎవరో అతికారు. లోపల నింపింది పడవలకు వాడే రెజిన్, గాజు నార. పసుపు తిరిగింది ఆ రెజినే, ఎండ తగిలితే అది అట్లాగే తిరుగుతుంది. అతికిన చెయ్యి పని తెలిసిన చెయ్యే. అయితే అది పడవలు చేసే చెయ్యి. అతికిన చోటు మిగతా పడవ కంటే గట్టిగా ఉండాలన్నది మా లెక్క, బరువు సంగతి ఆలోచించం. సముద్రంలో అది ఒప్పు. బొమ్మకు అది తప్పు. మీవాళ్ళు బరువును సరిగ్గానే పట్టుకున్నారు, తీర్పు మాత్రం తప్పు చెప్పారు.

ఆ అతుకు ఫ్రెడ్డీ వెయ్యలేదు. వాడికి ఈ పని రాదు. ఒకసారి రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్ కాస్త కలపమంటే సగం సీసా పోసేశాడు. బకెట్టు పొగలు కక్కింది. వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చింది. నాయనా, నన్ను ఫోన్లకి వదిలెయ్, లేకుంటే ఊరు తగలబెడతా అని వాడు పడీ పడీ నవ్వాడు. విరిగిన సంగతి తెలిసి ఉంటే నీకు చెప్పే ఇచ్చేవాడు. మంచిదనుకునే ఇచ్చాడు. ఎవరు అతికారన్నది ఇక్కడ రాయడం లేదు.

నాకు నీ వల్ల కావలసింది ఒక్కటే. ఆ పదకొండు మంది చూసేచోట, ఫ్రెడ్డీ ఇచ్చింది అసలు బొమ్మ, వాడు ఎవరినీ మోసం చెయ్యలేదు అని రాయి. తెలుగులో రాయి. వాడి ఫోను జయశీల దగ్గరే ఉంది. రోజూ ఛార్జింగు పెట్టి ఆ గ్రూపు చూస్తూ ఉంటుంది. ఇంగ్లీషు ఆమెకు రాదు. బొమ్మను కావలి నుంచి బస్సు పార్సిలులో పంపుతాను. ఇంట్లో పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం. వాడు ఇచ్చినది కాబట్టి నీ దగ్గరే ఉండాలి.

అక్టోబరు వానలు మొదలవకముందే నాలుగు పడవలు పూర్తి చెయ్యాలి. పని ఉంది, అదొక మేలు. వేళకు తిను.

ఇట్లు,
నీ మేలు కోరే
తిమోతి

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. కాలు అతికింది నేనే. విరగ్గొట్టిందీ నేనే. వాడు నీకు ఇవ్వడానికి నెల ముందు, నీ పని నేను నేర్చుకోను నాయనా అని ఖండితంగా చెప్పి ఏదో పరీక్షకని నెల్లూరు పోయాడు. ఆ కోపంలో భుజాన ఉన్న తువ్వాలుతో బొమ్మను కొట్టాను. పడి విరిగింది. వాడు తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆలోపల అతికి, రంగు కలిపి అద్ది, ఉన్నచోటే పెట్టాను. వాడు కనుక్కోలేకపోయాడు. ఆ రోజు నాకు గర్వంగా కూడా ఉండింది.

నువ్వు తిప్పి పంపిన బొమ్మ చేరిన రోజు వాడు దాన్ని షెడ్డుకు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. రెజిన్ సంగతి నీకు తెలిసినట్టు ఎవురికి తెలుసు నాయనా, నువ్వు చూసి చెప్పు, అసలుదంటే ముఖేష్‌గాడితో కొట్లాడతా, డూప్లికేటంటే తప్పు ఒప్పుకుంటా అన్నాడు. నేను అటూ ఇటూ తిప్పి, చూస్తున్నట్టు చూశాను. డూప్లికేటేరా, వదిలెయ్ అన్నాను. సరే నాయనా అన్నాడు. అక్కడే నిలబడి ఫోనులో నీకు రాశాడు.

జయశీలకు చెప్పకుండా దీన్ని పోస్టు చెయ్యను. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చిందంటే ఆమెకు చెప్పాననే అనుకో.