బాబాయి కొన్న ఆంప్లిఫయర్

అక్కా,

మీ నాన్న, అదే మా బాబాయి, నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తప్పు నాదేనని నువ్వూ తీర్పు చెప్పేముందు, జరిగింది విను.

బాబాయి పాటలు వినడానికని ఎవరికీ చెప్పకుండా రెండొందల వాట్ల ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. మనదేమన్నా సినిమా హాలా? రెండు గదుల ఇల్లు! "వాట్లు ఎక్కువుంటే శబ్దం బాగుంటుందటరా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వాట్లు చెప్పేది ఎంత గట్టిగా మోగగలదనే కానీ, ఎంత బాగా మోగుతుందని కాదు. మా ప్రెస్సులో అచ్చయిన వినియోగదారుల కరపత్రంలో ఇదంతా ఉంది. నేను కంఠతా పట్టాను. జనం ఇలా అంకెలు చూసి మోసపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా?

పెట్టె భుజానికెత్తుకుని, బాబాయిని వెంటబెట్టుకుని కొట్టుకి పోయాను. "మా బాబాయికేమన్నా చెవుడా, ఇంత బండ అంటగట్టావు?" అని నిలదీశాను. కొట్టు నిండా జనం. బాబాయి షెడ్డుకి బళ్ళు బాగుచేయించుకోవడానికొచ్చే డ్రైవర్లూ ఉన్నారు. అందరూ గొల్లుమన్నారు. బాబాయి కూడా నవ్వాడు. దానికి బదులు ఇరవై వాట్లది ఇప్పించాను. దాని గొంతు ఎంత తేటగా ఉందో! ఆయన మాత్రం దాన్ని ముట్టుకోవడం లేదు. అన్నానికి పిలిస్తే పలకడు. ఇంత పంతం దేనికి? నువ్వైనా నాలుగు చీవాట్లు పెట్టు.

నీ తమ్ముడు

*

అక్కా,

నీ ఉత్తరం ప్రెస్సులోనే చదివాను. ఆ తర్వాత అచ్చు అక్షరం ఒక్కటీ కంటికి ఆనలేదు.

ఒకే ఇంట్లో ఉండి కూడా తెలుసుకోలేకపోయాను, చూడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్కి చెవులు పోతున్నాయంటే, బండి ఎవడిస్తాడు? అందుకే నీకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నమాట. ఈమధ్య ఇంజను మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటుంటే, అనుభవం అంటే ఇదీ అని మురిసిపోయాను. పిలిస్తే పలకకపోవడం పంతమనుకున్నాను. ఆ చిన్న ఆంప్లిఫయర్ని చివరిదాకా పెంచి చూశాను. గొంతు బొంగురుపోయి చిరచిరలాడింది. ఆయనకి వినపడాలంటే ఆ పెద్దదే ఉండాలి. కరపత్రం అబద్ధం చెప్పలేదక్కా. ఎవరు వింటారని అడగనిది నేను.

పోనీ, మళ్ళీ తెచ్చుకోమని ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? తెచ్చుకుంటే, నేను వెటకారంగా అన్నదే నిజమని డ్రైవర్లకు తెలిసిపోదూ?

అందుకని నేనే వెళ్ళాను, వాళ్ళంతా ఉండే వేళ చూసుకుని. "పొరపాటు నాదే. వాట్లుంటేనే మంచి శబ్దం. నాకే కావాలి, ఇవ్వు" అన్నాను.

"ఏం నాయకా, కరపత్రం ఏ చెత్తబుట్టలో పారేశావు?" అన్నాడు కొట్టాయన. మళ్ళీ అదే నవ్వు. పెట్టె ఎత్తుకున్నాను. నమ్మని మాట నలుగురిలో చెప్పడం నాకదే మొదటిసారి.

ఇప్పుడు సాయంత్రమైతే ఇల్లు దద్దరిల్లుతోంది. వీధంతా నన్నే తిడుతోంది. తిట్టనీ. కానీ బాబాయి ఇదివరకట్లా పాటలో పడిపోవడం లేదు. నాకు తెలిసిపోయిందని ఆయనకీ తెలుసేమో. ఇద్దరం ఆ మాట ఎత్తం.

నిన్న "ఎలా ఉందిరా శబ్దం?" అని అడిగాడు.

"బాగుంది బాబాయ్" అన్నాను.

ఆ రెండు మాటలూ అంటున్నంతసేపూ ఆయన నా పెదాలనే చూస్తున్నాడు.

నీ తమ్ముడు