ఖాళీ సమాధికి కొలత

శుక్రవారం, రాజంపేట

ఈస్టర్ దగ్గరికొచ్చింది. ఆ తెల్లారుజామున అందరూ తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు పెడతారు. మా ఆయన్ని కువైట్‌లోనే పూడ్చేసినారు, నాకు పెట్టను జాగా లేదు. అందుకే ఈడ చర్చి వెనక ఆయన పేరుతో ఒకటి కట్టిస్తాండాం.

మనిషి లేని సమాధిని ఇంగ్లీషులో సెనోటాఫ్ అంటారని పాస్టరయ్య చెప్పినాడు. గ్రీకులో కెనోస్ అంటే ఖాళీ, టాఫోస్ అంటే సమాధి అంట. అంత పాత మాటంటే, శవం కూడా దక్కని ఆడోళ్లు ఆ కాలంలోనూ ఉండారన్నమాట.

సాయంత్రం మేస్త్రీ కొలతకొచ్చి, "లోపల ఎవరూ ఉండరు కదమ్మా, మూడడుగులు కడితే చాలు" అన్నాడు. నేను సరే అనబోయినా.

అత్త ఒప్పుకోలేదు. "పొడుగ్గా కట్టప్పా. మా వోడు కాళ్లు ముడుచుకుని పండుకోలేడు" అనింది.