కుంకుమ బొట్టు ఉన్న ఫ్లాపీ

యూసుఫ్‌గూడ,
శుక్రవారం.

ప్రొడక్షన్ మేనేజర్ ఆంజనేయులు గారికి నమస్కారాలు.

పోయినవారం మీ ఆఫీసులో నా కథ ఫ్లాపీలో ఇచ్చి వెళ్లిన రచయితను నేను. నిన్న ఫిల్మ్‌నగర్ వస్తే వాచ్‌మన్ గేటు తీయలేదు. “మీ ఫ్లాపీ పెట్టినంక ఆఫీసుల కంప్యూటర్లన్నీ ఖరాబైనయంట. మిమ్మల్ని రానియ్యొద్దన్నరు సార్” అన్నాడు.

తెలియక జరిగిందండీ. మీకిచ్చిన మర్నాడే నా కంప్యూటరూ మొరాయించింది. బోరబండ నుంచి రిపేరు చేసే ఓదెలు వచ్చి చూశాడు. “అంతట వైరస్సే ఉన్నది సార్. ఫార్మాట్ కొట్టుడే. అంతా పోతది. పనికొచ్చేది ఏమన్నా ఉన్నదా?” అని అడిగాడు. కథ మీ దగ్గర భద్రంగా ఉంది కదా అన్న ధైర్యంతో కొట్టెయ్యమన్నాను. చేతిరాత కాగితాలు టైపు చేసిన రోజే కాల్చేశాను. ఈ ఊళ్లో కథలు ఎలా చేతులు మారతాయో మీకు తెలియనిదా!

ఓదెలు యాంటీవైరస్ వేశాడు. బయటి ఫ్లాపీ ఏదైనా స్కాన్ చేయనిదే తెరవద్దన్నాడు. ఇప్పుడు నా కంప్యూటర్‌లో ఒక్క వైరస్ లేదు. నేను రాసిన ఒక్క మాటా లేదు. మా ఆవిడకు కథ చెప్పబోయి ఇంటర్వెల్ దాటలేకపోయాను.

సినిమా తీయమని అడగను. ఆ ఫ్లాపీ వాచ్‌మన్ చేతికిస్తే గేటు బయటే తీసుకుంటాను. వైరస్ తీసేసి కథను బయటికి తీయొచ్చని ఓదెలు అంటున్నాడు. దాని మీద కుంకుమ బొట్టు ఉంటుంది. మీకిచ్చే ముందు మా ఆవిడ దేవుడి దగ్గర పెట్టింది.

ఒకవేళ పారేసి ఉంటే, ఇంకా వెతుకుతున్నామనే చెప్పించండి.

భవదీయుడు