కాపీ చేసిన తొమ్మిది పేర్లు

3 ఫిబ్రవరి 2005, గురువారం

మధ్యాహ్నం గంగక్క నేను పనిచేసే నెట్ సెంటర్‌కి వచ్చింది. మణుగూరు దాటాక అడవి ఊళ్లో ఆడపిల్లల హాస్టల్‌లో వంటమనిషి. నోటుబుక్కు కాగితం ఒకటి తీసింది. వార్డెన్ పద్మావతమ్మ బడి రోజుల్లో పిల్లల్ని తన తమ్ముడు రామ్‌చందర్ మిర్చి తోటకు కాయలు ఏరడానికి పంపుతోందట. కింద తొమ్మిది మంది పిల్లల పేర్లు. ఇంగ్లీషులో కొట్టి హాస్టళ్లు చూసే ఆఫీసరుకు మెయిల్ చెయ్యమంది. ఆరిఫా, పేర్లు ఆఫీసరుకు తప్ప ఎవలకు తెల్వొద్దు బిడ్డా అని రెండుసార్లు చెప్పింది.

కొట్టాను. మొత్తం కాపీ చేశాను. ఆఫీసరు మెయిల్ ఐడీ తెలియదు. ఇక్కడి ఆఫీసర్ల ఐడీలన్నీ ఒక లోకల్ వార్తల సైటులో ఉంటాయి. దాన్ని నడిపేది రామ్‌చందరే. చూస్తే ఏం పోతుందిలే అని తెరిచాను. ఐడీని కూడా కాపీ చేస్తే ముందు కాపీ చేసిన ఉత్తరం చెరిగిపోతుందని పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాను. తన మీద ఫిర్యాదుకు తనే అడ్రస్ ఇచ్చాడని నవ్వుకున్నాను కూడా. తర్వాత మెయిల్‌లో పేస్ట్ చేసి పంపాను. ఫైలు సేవ్ చెయ్యలేదు. కాగితం గంగక్కకే ఇచ్చేశాను.

7 ఫిబ్రవరి, సోమవారం

పొద్దున ప్రార్థనలో పద్మావతమ్మ తొమ్మిది పేర్లూ చదివిందట. నేను కొట్టిన వరుసలోనే. మంగ్లి పేరులో నేను ఒక అక్షరం ఎక్కువ కొట్టాను, ఆమె కూడా మంగిలి అనే చదివింది. మంగ్లిని ఇంటికి పంపేసింది. గంగక్కను పనిలోంచి తీసేసింది.

గంగక్క గడప దాటలేదు. బయటి నుంచే అన్నది, నిన్ను నమ్మి ఇచ్చిన, ఎవలకు చెప్పినవ్ అని. ఎవరికీ చెప్పలేదన్నాను. మరి గాలికి పోయిందా అని వెళ్లిపోయింది.

8 ఫిబ్రవరి

జహూర్ మామూ ఈ గొడవలు మనకెందుకన్నాడు. షాపు ఆయనది. పోయిన మాట నాది.

10 ఫిబ్రవరి, సాయంత్రం 4

కాపీకీ పేస్ట్‌కీ మధ్య నేను తెరిచింది ఒక్కటే సైటు. ఇవాళ దాని సోర్స్ తెరిచి లైను లైనుగా చదివాను. HTML కోర్సు చేసింది ఇందుకేనేమో. ఒకచోట క్లిప్‌బోర్డ్ డేటా, అంటే మనం ఆఖరున కాపీ చేసింది, తీసుకునే లైను కనపడింది. అదే లైను నోట్‌ప్యాడ్‌లో చూసి కొట్టి, సొంతంగా చిన్న పేజీ చేసి తెరిచాను. అంతకుముందు ఎవరో కస్టమర్ కాపీ చేసుకున్న బయోడేటా స్క్రీన్ మీదికి వచ్చింది. తండ్రి పేరు, పుట్టినతేదీ, అన్నీ. నేను పేస్ట్ నొక్కలేదు. అది నన్ను అడగలేదు. పేజీ తెరిస్తే చాలు.

ముందు భయమేసింది. తర్వాత కోపం వచ్చింది. కోపమే నయం.

ఇంటర్నెట్ ఆప్షన్స్, సెక్యూరిటీ, కస్టమ్ లెవెల్. అక్కడ స్క్రిప్ట్‌తో, అంటే సైటు తనంతట తానే, పేస్ట్ చేసుకోనివ్వాలా అని ఉంది. ఆరు సిస్టమ్‌లలో ఐదింటికి డిజేబుల్ పెట్టాను. ఆరోది కావాలనే వదిలేశాను.

14 ఫిబ్రవరి, సోమవారం

ఆరో సిస్టమ్‌లో దొంగ ఉత్తరం కొట్టాను. బుధవారం పదకొండింటికి ఆఫీసరు చెప్పకుండా హాస్టల్ తనిఖీకి వస్తున్నాడని. కాపీ చేశాను. రామ్‌చందర్ సైటు తెరిచి, మూసేశాను. ఎవరికీ పంపలేదు.

గంగక్క ఇంటికి పోయి, బుధవారం హాస్టల్ గేటు దగ్గర నిలబడి చూడమని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

16 ఫిబ్రవరి, బుధవారం

గంగక్క ఆటో దిగి నేరుగా లోపలికి వచ్చింది. గేటు కడిగి ముగ్గేసిండ్రు, పిల్లలందరు క్లాసుల కూసున్నరు, గుడ్లు ఉడకబెట్టిండ్రు, తోటకు ఒక్కదాన్ని పంపలే, ఏంది సంగతి, ఎవలొస్తున్నరు అని అడిగింది. ఎవరూ రావట్లేదన్నాను. సిస్టమ్ ముందు కూర్చోబెట్టి అంతా చూపించాను.

నిన్ను అనరాని మాటన్న బిడ్డా అన్నది. నేను కూడా తెరవకూడని సైటు తెరిచానన్నాను.

18 ఫిబ్రవరి, శుక్రవారం

ఏం కాపీ చేసినా రామ్‌చందర్ సైటు చదువుతుంది అని రాసి షాపు తలుపుకు అంటించాను. గంటలో రామ్‌చందర్ వచ్చాడు. అరవలేదు. నేను దొంగతనం చెయ్యలే, నా సైటు అడిగింది, మీ సిస్టమే ఇచ్చింది అన్నాడు. సిస్టమ్‌కు బుద్ధి లేదు, నీకుండాలి కదా అన్నాను.

ఓ సిస్టమ్ ముందు కూర్చున్న బొగ్గుగని కార్మికుడు పగిడయ్య లేచి నిలబడ్డాడు. పోయిన నెల నా బిడ్డ దవాఖానా రిపోర్టు గిక్కడ్నే కాపీ చేసి నీ సైటు చూసిన, అది గూడ నీ తాన ఉన్నదా అని అడిగాడు. జహూర్ మామూ లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు, రామ్‌చందర్ బయటికి పోయేదాకా.

21 ఫిబ్రవరి, సోమవారం

తొమ్మిది మంది పిల్లలూ వాళ్ల చేత్తోనే మళ్లీ రాశారు. పేర్లు రాయాల్నా అని నేను అడిగితే, తెలిసినంక దాసుడెందుకు అని మంగ్లి అన్నది. ఆమె నాయన బిచ్యా, గంగక్క, నేను, పిల్లలు, అందరం బస్సులో పోయి ఆఫీసరు చేతికే ఇచ్చాం.

ఆ ఆఫీసులో మెయిల్ ఎవరూ తెరవలేదట. నేను పంపిన ఉత్తరం ఇంతవరకు చదివింది దొంగిలించినవాళ్లే.

2 మార్చి

పద్మావతమ్మను సస్పెండ్ చేశారు. గంగక్క మళ్లీ పొయ్యి దగ్గర. మంగ్లి హాస్టల్‌కి తిరిగి వచ్చింది. రామ్‌చందర్‌ను ఎవరూ ఏమీ అనలేదు.

4 మార్చి, శుక్రవారం

అతని సైటు నడుస్తూనే ఉంది. ఆ లైనూ ఉంది. ఈ పొద్దున షాపు తెరవగానే ఆరో సిస్టమ్‌లో అతనికి ఒక్క ముక్క కొట్టి, కాపీ చేసి, అతని సైటు తెరిచాను.

తొమ్మిది మందీ క్లాసులో ఉన్నారు. రేపు కూడా ఉంటారు. చదువుకో.