గడువు తీరిన బీమా

ఇంటి యజమానురాలికి,

ఇక్కడ నేనూ, పాపా, అత్తయ్యగారూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ ఆ ఉద్యోగం ఊళ్ళో వేళకు తిని, వేళకు పడుకుంటున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను.

వెనక కిటికీ గడియ బాగు చేయించాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గింది కానీ, తగ్గిందని ఆవిడ ఒప్పుకోరు. పాప లెక్కల్లో ఏమీ వెనకబడలేదు. టీచరు మీద అలిగి పేపరు సగం ఖాళీగా ఇచ్చి వచ్చింది, అంతే. ఆ అలక నా పోలికేనంటారు మీ అమ్మగారు. నా పని మామూలే. కళ్ళజోళ్ళ అద్దాలు సానబట్టే పాత యంత్రం మూలనపడితే కొత్తది తెచ్చారు. దీనికి చప్పుడు తక్కువ.

ఇక మిగిలిన ప్రశ్న, హాల్లో కొత్త కర్టెన్లు ఎవరు కుట్టారని. అంతకుముందు ఉత్తరంలో కారు బీమా కట్టావా అని అడిగితే, కట్టేశాను అని రాశాను. రెండూ ఒకే కథలోకి వస్తాయి. ఫోనులో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి, వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

బీమా కట్టలేదు. గడువు తీరి రెండు నెలలైనా అలాగే నడిపాను. చేతిలో డబ్బు లేక కాదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ బద్ధకించాను. రోజూ పాపను ఎక్కించుకునే తిరిగాను.

పోయిన నెల మొదటి శనివారం మధ్యాహ్నం, పని నుంచి వస్తూ ఆసుపత్రి పక్క సందులోంచి పెద్ద రోడ్డు మీదికి తిప్పాను. కుడివైపు చూశాను. ఎడమవైపు చూడలేదు. అటునుంచి వస్తున్న చిన్న కారు బ్రేకు వేసినా ఆగక నా కారు ముందు తలుపును గుద్దింది. పాప నాతో లేదు. నాకు చిన్న గీత కూడా పడలేదు. ఆ కారు నడుపుతున్నావిడ దర్జీ, నలభై ఏళ్ళుంటాయి. వెనక సీట్లో వాళ్ళమ్మ భుజం పట్టుకుని కూర్చుని ఉంది.

దర్జీ దిగీ దిగగానే నా దగ్గరకు వచ్చి, "అన్నయ్యా, మీకు దండం పెడతాను, పోలీసుల్ని పిలవకండి. నా బండికి ఇన్సూరెన్సు లేదు" అంది.

అదే మాట నేనూ అనబోతున్నాను. అనలేదు. "సరేలేమ్మా, ముందు పెద్దావిణ్ణి ఆసుపత్రిలో చూపించు" అన్నాను. గుద్దింది తన కారు కాబట్టి తప్పంతా తనదేననుకుంది ఆవిడ. ఆమె కళ్ళకు నేను దేవుడిలా కనిపించాను. కనిపించనిచ్చాను.

పెద్దావిడ భుజం ఎముక విరిగింది. రెండు వారాల తర్వాత దర్జీ ఎలా కనుక్కుందో మన ఇంటికి వచ్చింది. నన్ను వదిలేశారు, నా చేతనైంది చేస్తాను అంటూ వద్దన్నా వినకుండా కిటికీల కొలతలు తీసుకుపోయి, కర్టెన్లు కుట్టి తెచ్చింది. అత్తయ్యగారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"అమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదండీ. నువ్వు నడిపితే ఇక ఎక్కనంటోంది. నేనూ మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు" అని అత్తయ్యగారితో చెప్పింది. బట్టల మూటలు బస్సులో మోస్తోందట. నేను స్టూలెక్కి కర్టెన్ రాడ్డు బిగిస్తూ ఇదంతా విన్నాను. ఆవిడ వెళ్ళేదాకా స్టూలు దిగలేదు.

తర్వాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. దర్జీ ముందుగదిలో కూర్చుని చొక్కాకు బొత్తాలు కుడుతోంది.

"ఆ రోజు తప్పు నాదమ్మా. ఎడమవైపు చూడకుండా తిప్పాను. నాకూ బీమా లేదు. ఉంటే మీ అమ్మగారి వైద్యం అందులోంచే జరిగేది. నువ్వు ముందు నోరు తెరిచావు, అందుకని నేను మూసుకున్నాను" అన్నాను.

ఆవిడ దారం కొరికి, సూదిని పక్కన గుచ్చింది. "చెప్పాల్సింది నాకు కాదు. లోపలికి రండి" అంది. అన్నయ్యా అనలేదు.

పెద్దావిడ చెయ్యి పట్టీలో వేలాడేసుకుని మంచం మీద ఉంది. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అంతా విని ఆవిడ కూతురివైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నిన్ను సాధించానే. ఒక్కసారైనా ఎదురు చెప్పలేదేం?" అంది.

"నాదే తప్పనుకున్నానుగా."

పెద్దావిడ బాగున్న చేత్తో పక్కన కూర్చోమన్నట్టు దుప్పటి సర్ది కూతురికి చోటిచ్చింది. నేను బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. కర్టెన్లు తిరిగి ఇస్తానంటే దర్జీ తీసుకోలేదు. "మీ కిటికీల కొలతకు కుట్టినవి నాకెందుకు?" అంది.

వాళ్ళకు చెప్పినట్టే మర్నాడు తప్పు ఒప్పుకోవడానికి పోలీసు స్టేషనుకు వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే బెంచీ మీద ఉంది, తన కాగితాలు చేతబట్టుకుని. "మీదొక్కటే రాయించి నాది దాచుకుంటే ఏం బాగుంటుంది?" అంది. ఇన్‌స్పెక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఇలా పోటీపడి ఒప్పుకునేవాళ్ళను ఇంతవరకూ చూడలేదు" అన్నాడు. నా లైసెన్సు తీసుకున్నారు. కారు అక్కడే ఉంది. వచ్చే నెల విచారణ. పెద్దావిడ వైద్యం ఖర్చు నా మీద పడుతుంది. పడాలి కూడా.

అత్తయ్యగారికీ, పాపకీ చెప్పాను. "నన్ను ఎక్కించుకున్నప్పుడు కూడా లేదా నాన్నా?" అని అడిగింది పాప. లేదన్నాను. ఆ రోజు బడికి నడిచినంతసేపూ నా చెయ్యి పట్టుకోలేదు.

నువ్వు సెలవు పెట్టి పరుగెత్తుకు రానక్కర్లేదు. ఈ నిజం ముందు దర్జీ, వాళ్ళమ్మ విన్నారు. తర్వాత ఇన్‌స్పెక్టరు, అత్తయ్యగారు, పాప. అందరికన్నా ముందు వినాల్సిన నువ్వు ఆరోదానివయ్యావు. వాళ్ళు తిట్టినా పడొచ్చు అనుకున్నాను. ఇకమీదట నేను ఏది చేశానని రాసినా నువ్వు ఇంకోసారి అడగాల్సి వస్తుందే అన్న ఆలోచనకే చెయ్యి ఆగిపోయింది.

అడుగు. ఎన్నిసార్లయినా అడుగు.

ఇట్లు,
నీ జవాబు ఎలా ఉన్నా అందుకోవడానికి సిద్ధంగా ఉన్న
పాప నాన్న